రెండోచూపు పడ్డ పుట్టగొడుగులు

కుట్టుమిషన్ గది వెనక వంటింట్లోంచి,
తొలి చలి పడిన వారం

వదినకి,

ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఒత్తులు ఉండాల్సిన చోట పెట్టను, అక్కర్లేని చోట రెండేసి పెడతాను. అన్నయ్య చేత మాత్రం చదివించుకోకు. నవ్వుతాడు. నవ్వి ఊరుకోడు, అందరికీ చెబుతాడు. అర్థం కాని చోట నేను ఏమని ఉంటానో నువ్వే ఊహించుకో.

నేను బాగానే ఉన్నాను. ఇల్లు చిన్నదే కానీ గాలి వస్తుంది. ముందుగది అంతా అత్తగారి మిషనూ గుడ్డలూ. చెప్పుల్లేకుండా నడిస్తే కాలికి గుండుసూది దిగుతుంది. నాకు ఇప్పటికి చాలాసార్లు దిగింది, పైకి చెప్పలేదు. ఆవిడ నోట్లో సూదులు పెట్టుకునే మాట్లాడతారు. అందుకని నాకు సగం మాటలు తెలియవు, మళ్ళీ అడగాలంటే భయం. "ఊఁ" అనేసి, ఆవిడ ఏం తెమ్మన్నారో తెలియక వంటింట్లో నిలబడి ఏడుపుమొహం పెడతాను. ఒకసారి కత్తెర అడిగితే మంచినీళ్ళు తీసుకెళ్ళాను. పాపం, తాగేశారు.

ఆయన మంచివారు. మాటలు తక్కువ. రంపపు మిల్లు పక్కన చెక్కపని కొట్టులో కుర్చీలు చేస్తారు. ఇంటికొచ్చేసరికి జుట్టులో రంపపుపొట్టు ఉంటుంది. దులపమని ఆయన అడగరు, దులపనా అని నేను అడగను. ఇద్దరం అలా చూసుకుంటూ ఉంటాం. ఇది ఎవరికీ చెప్పకు.

అసలు సంగతి ఇది. మొన్న క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, వచ్చేటప్పుడు మిల్లు వెనక తోపులోంచి నడిచాను. రాలిన ఆకుల కింద పసుపుగొడుగులు! మనింట్లో వండే పసుపు పుట్టగొడుగులే వదినా, మాగిన పండు వాసనతో సహా. నాకు అమ్మ కనిపించినట్టే అయింది. మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. ఖాళీ క్యారేజీ గిన్నెలో నింపుకుని ఇంటికి తెచ్చాను.

అత్తగారు చూశారు. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చారు. అన్నీ తీశాక గానీ మాట్లాడలేదు. "అమ్మాయ్, అడవిలో మొలిచింది నా గడప దాటి లోపలికి రాదు. నా చిన్నప్పుడు పక్కింటివాళ్ళు ఇలాగే ముచ్చటపడి వండుకున్నారు. ఇంటిల్లిపాదినీ ఆసుపత్రికి మోశాం." అంతే. గిన్నె తీసుకెళ్ళి పెరటి చివర బోర్లించి, ఇసుకతో తోమి, ఎండలో పెట్టారు.

ఆవిడ మాట తప్పని నేను అనను. అయినా ఆవిడ ఒప్పుకున్నా నేను వండలేనుగా. రెండోచూపు ఎవరు చూస్తారు? మనింట్లో ఒకరు ఏరితే ఇంకొకరు చూడందే పెనం మీదికి ఎక్కదు. ఇక్కడ ఏరేదాన్నీ నేనే, చూసేదాన్నీ నేనే.

పెళ్ళయి ఏడాది కావస్తోంది. ఈ ఇంట్లో పొయ్యి అత్తగారిది. నేను తరుగుతాను, కడుగుతాను. నేను వండానని ఎవరూ ఒక్క ముద్ద తినలేదు. నాకు బాగా వచ్చిన వంట అదొక్కటే కదా వదినా. చెట్లు బోడి అయ్యేలోగా ఒక్కసారి, ఒక్క పెనమంత, ఈ ఇంట్లో వండి పెట్టాలని నా కోరిక. తప్పా?

ఇది చదివాక కాల్చెయ్.

నీ ఆడపడుచు


పెరటి పొయ్యి దగ్గర నుంచి,
గాలికి ఆకులు ఊడ్వలేక చస్తున్న రోజు

గొడుగుపిల్లా,

నీ ఉత్తరం కాల్చలేదు. పంచదార డబ్బా కింద దాచాను. మీ అన్నయ్య తీపి మానేశాడు కాబట్టి అంతకంటే భద్రమైన చోటు ఈ ఇంట్లో లేదు. నీ రాత బాగానే ఉంది. ఒక్క చోట "అత్తగారు" అన్నావో "కత్తెర గారు" అన్నావో తేలలేదు. రెండూ అతుకుతాయిలే అని ముందుకి పోయాను.

ఆ రంపపుపొట్టు ముందు దులుపు. అడగడాలేమిటి! మీ ఆయన కుర్చీ కాదుగా, చెయ్యి వేస్తే వార్నిష్ చెడిపోవడానికి.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఈ ఇంటికి వచ్చేనాటికి నేనూ పుట్టగొడుగు ముట్టినదాన్ని కాదు. మొదటి ఏడాది నా కంచంలోవి మీ అన్నయ్య కంచంలోకి తోసేదాన్ని. ఆయనేమో నేను ప్రేమతో పెడుతున్నానని మురిసిపోయేవాడు. మా అత్తయ్య, అదే మీ అమ్మ, చూసింది. ఒక్కనాడు కూడా "తిను" అనలేదు. బుట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నా కళ్ళు మసకగా ఉన్నాయి, ఇందులో బాగాలేనివి తీసెయ్యి" అనేది. అప్పుడు ఆవిడ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి! నేను తీసేదాన్ని, ఆవిడ మళ్ళీ చూసేది, ఎందుకు తీశావని అడిగేది. ఆ ఏడు చలికాలం వచ్చేసరికి, నేను ఏరి శుభ్రం చేసినవి వేరేవాళ్ళు తినేస్తున్నారే అని నాకే కడుపుమంట పుట్టింది. అలా తిన్నాను.

కాబట్టి మీ అత్తగారిని తినమనకు. చూడమను. ఆవిడ పని చూసే పని. బట్ట ఏ వైపు నేసిందో వేలితో చెప్పగలిగే మనిషి అని నువ్వే ఒకసారి అన్నావు.

ఎండబెట్టిన పసుపుగొడుగుల దండ ఒకటి పంపుతున్నాను. గుచ్చింది అత్తయ్య, కట్టింది నేను. అత్తయ్య చెప్పమన్నవి: తెలియనిది ముట్టుకోవద్దు. ఏది తీసినా పాదంతో సహా పెకలించాలి. తనకి తెలిసిన రకానికే ఎవరైనా రెండోచూపు చూడాలి, తెలియనిదానికి మొహమాటపడి తల ఊపకూడదు.

ఇదీ కాల్చకు. ఎండబెట్టు.

మీ వదిన


అదే వంటింటి గట్టు మీద నుంచి,
వాన వెలిసిన మర్నాడు

వదినకి,

ఈసారి కొంచెం కుదురుగా రాస్తున్నాను, కాగితం కింద చెక్క పెట్టుకున్నాను. ఆయన ఇచ్చారు. రాయడానికని చెప్పకుండానే ఇచ్చారు. పొట్టు దులిపాను. ఇక ఆ సంగతి అడగకు.

దండ అందింది. అత్తగారు పొట్లం విప్పి చూసి, గుమ్మం బయట చెప్పుల అర మీద పెట్టించారు. సాయంత్రం వాన మొదలైంది. నేను వంటింట్లోంచే చూస్తున్నాను, లోపలికి తెస్తానని అనడానికి నోరు రాలేదు. ఆవిడే లేచి తెచ్చారు. మిషన్ దీపం కింద పెట్టి దారాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఇది ఎవరు గుచ్చింది?"

"మా అమ్మండీ."

"ఒక్కొక్క దానికి మధ్య దూరం చూశావా, కొలిచి పెట్టినట్టుంది. ముడి కూడా లాగితే జారని ముడి. మీ అమ్మ కుట్టుపని చేస్తుందా?"

"లేదండీ, ఇవే గుచ్చుతుంది."

"ఊఁ" అన్నారు. ఈసారి నోట్లో సూదులు లేవు. ఆ "ఊఁ" మెచ్చుకోలే వదినా, నాకు తెలిసింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. మర్నాడు తోపుకి వెళ్ళి ఏరి, బుట్టని గుమ్మం బయటే పెట్టి, అడిగాను. "అత్తయ్యా, ఇవి వండనండీ. పారేస్తాను. పారేసేలోగా ఒక్కసారి చూసి, ఇందులో వేరే రకం కలిసిందేమో చెబుతారా? నా ఒక్కదాని చూపు మీద నమ్మకం చాలడం లేదు."

నన్ను ఎగాదిగా చూశారు. తరవాత కళ్ళజోడు పెట్టుకుని గడప మీద కూర్చున్నారు. ఒకటి తిరగేశారు. "ఈ కుచ్చులు చూడు, గొడుగు దగ్గర ఆగకుండా కాడ మీదికి జారిపోయాయి. నేనైతే విప్పి మళ్ళీ కుడతాను."

నాకు నవ్వు వచ్చింది. మొదటిసారి ఆవిడ ముందు నవ్వాను. అసలైన పసుపుగొడుగుకి ఆ జారడమే గుర్తు అని, ఆ కుచ్చులు గోరుతో లాగినా విడిరావని, దొంగ పసుపుదానికి కాగితాల్లా పల్చగా విడిపోతాయని చెప్పాను. అంత పొడుగు మాట ఈ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ విన్నారు. విని ఒక్కొక్కటే గోటితో గీకి, వాసన చూసి, రెండు కుప్పలు పెట్టారు. అవతలి కుప్పలో నిజంగానే ఒక దొంగది ఉంది. అది నేను కావాలనే వేశాను. ఆవిడ పట్టుకోవడమే కాదు, "ఇది నువ్వు వేశావు కదూ" అన్నారు కూడా.

అన్నీ పారేశాం. మరో రెండుసార్లు అలాగే ఏరాం, చూశాం, పారేశాం. పారేస్తుంటే ఇప్పుడు ఆవిడే కొంచెం ఆలస్యంగా బోర్లిస్తున్నారు.

ఆయన నాకో కత్తి చేసిచ్చారు. వంకీ పిడి, చివర గొడుగు బొమ్మ చెక్కారు. ఎన్ని ఆదివారాలు కూర్చున్నారో! నా అరచేతికి సరిగ్గా సరిపోయింది. నా చెయ్యి ఎప్పుడు కొలుచుకున్నారో తెలియదు.

ఇదైనా కాల్చు.

నీ ఆడపడుచు


పెరట్లోంచి, పొగలో కళ్ళు నలుపుకుంటూ

గొడుగుపిల్లా,

చెయ్యి ఎప్పుడు కొలిచారో తెలియదట! నీ ఉత్తరం పట్టుకుని నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే మీ అన్నయ్య వచ్చి "ఏమైంది" అన్నాడు. "పుట్టగొడుగుల ధర పెరిగింది" అన్నాను. నమ్మాడు.

అత్తయ్యకి చదివి వినిపించాను, చెయ్యి సంగతి దాటేసి. మీ అత్తగారు దొంగదాన్ని పట్టుకున్న చోట అత్తయ్య మళ్ళీ చదవమంది. కత్తి మాట వచ్చినప్పుడు మాత్రం "కాడ కొయ్యడానికి కాదు కదా, మట్టి గీకడానికే కదా" అంది. అవుననే అన్నాను. అవునుగా?

ఈ ఏడాది పసుపువి చాలు. తెల్లగొడుగుల జోలికి ఇప్పుడే పోకు.

మీ వదిన


వంటింట్లోంచి

వదినకి,

అంతా క్షేమం. ఇక్కడ వానలు. బయటికి వెళ్ళడం లేదు. అత్తగారికి పెళ్ళిబట్టల కుట్టుపని ఎక్కువగా ఉంది, గుండీలు నేను కుడుతున్నాను. ఆయన బాగున్నారు. అమ్మని అడిగానని చెప్పు.

కాల్చెయ్.


పెరట్లోంచి, నీ ఉత్తరం అందిన పూటే

అమ్మాయీ,

ఇది ఉత్తరమా? ఉప్పూ కారం లేదు. నీ తప్పులు కూడా లేవు! ఒక్క ఒత్తూ పోకుండా రాశావంటే ఒక్కొక్క మాట ఎంతసేపు ఆలోచించి పెట్టావో నాకు తెలియదా. ఏం జరిగింది? మీ అత్తగారు ఏమైనా అన్నారా? ఒంట్లో బాగాలేదా? నాకు చెప్పకపోతే మీ అన్నయ్యని పంపిస్తాను. ఆయన వస్తే ఏం చేస్తాడో తెలుసుగా, గుమ్మంలోనే నిలబడి ఇరవై ప్రశ్నలు అడుగుతాడు.

రాయి. నీకు తోచినట్టు, తప్పులతోనే రాయి.

మీ వదిన


వంటింటి గట్టు కింద కూర్చుని,
ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం

వదినా,

అన్నయ్యని పంపకు. రాస్తున్నాను.

ఆ రోజు తోపు లోపలి వైపుకి వెళ్ళాను. అక్కడ తెల్లగొడుగులు ఉన్నాయి. అమ్మ వెన్నలో వేయించే తెల్లవి, చిన్నప్పటి నుంచీ ఏరినవే. పసుపువాటితో అత్తగారికి నమ్మకం కుదిరింది కదా, ఇవి చూపిస్తే ఇంకా మెచ్చుకుంటారని ఆశ పుట్టింది. చేతిలో కొత్త కత్తి ఉంది. ఆయన చెక్కిన కత్తితో మొదటిసారి ఏదైనా కొయ్యాలని సరదా. పెకలించకుండా కాడ దగ్గర టపటపా కోశాను. ఎంత శుభ్రంగా వచ్చాయో, మట్టి ఇంత కూడా లేదు. మురిసిపోయాను.

అత్తగారు గడప మీద కూర్చుని పసుపువి ఏరి పక్కన పెట్టారు. ఆ రోజే వండుకుందామని పొద్దున్నే ఆవిడే అన్నారు వదినా. వెన్న తెప్పించారు కూడా. తరవాత తెల్లది చేతిలోకి తీసుకుని తిరగేసి, కింద చూసి, "దీని అడుగు ఏదీ?" అన్నారు.

"కోసేశానండీ. మట్టి ఉంటుందని."

"అంచు లేని గుడ్డ తెచ్చి ఇది ఫలానా బట్ట అంటే నేను తీసుకోను. అంచు చూపించు."

"అత్తయ్యా, ఇవి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసండీ. మా అమ్మ చేసేవేనండీ." గొంతు పెంచాను. నేను!

ఆవిడ గొంతు పెంచలేదు. "నీకు తెలుసేమో. నాకు రాదు. రాని దానికి తల ఊపొద్దని మీ అమ్మ మాటగా నువ్వే చెప్పావుగా. పద, అడుగు చూద్దాం."

పెళ్ళిబట్టలు మిషన్ మీద అలాగే వదిలేసి, కళ్ళజోడుతోనే నా వెంట వచ్చారు. నేను కోసిన చోట్లు తెల్లగా కనిపిస్తున్నాయి. నేను చేత్తో మట్టి తీశాను. మొదటి రెండూ మామూలే. మూడోదాని కింద తెల్లటి సంచి ఉంది వదినా. గుడ్డు పెంకు చీలినట్టు. నా చిన్నప్పుడు అమ్మ ఒకసారి దూరం నుంచి చూపించి, విషపుదానికే ఇలా ఉంటుందని నా చెయ్యి గట్టిగా పట్టుకున్న సంచి.

అక్కడే కూలబడ్డాను. ఈ చేత్తోనే, ఈ బుట్టలోనే, ఆయన తినే పూటకి.

అత్తగారు నన్ను లేపారు. ఇంటికొచ్చి బుట్ట మొత్తం, పసుపువీ తెల్లవీ అన్నీ, గొయ్యి తీసి పూడ్చారు. బుట్టని కాల్చేశారు. నా చేతులు రెండూ సబ్బుతో ఆవిడే రుద్ది కడిగారు, పసిపిల్లకి కడిగినట్టు. అప్పుడు ఏడ్చాను.

"ఇక ఎప్పుడూ వెళ్ళనండీ" అన్నాను.

"ఎందుకు వెళ్ళవు? నేను కొత్తలో ఒక పెద్దింటావిడ రవికెకి రెండు ఎడమచేతులు కుట్టాను. మిషన్ అమ్ముకున్నానా?" అన్నారు. ఆగి మళ్ళీ, "మీ ఇంటి పద్ధతి మంచిదేనమ్మాయ్. మా పక్కింటివాళ్ళకి ఈ రెండోచూపు ఉండి ఉంటేనా" అన్నారు.

ఇంకొక మాట కూడా అన్నారు. "కత్తి సంగతి వాడికి చెప్పకు. వాడు చిన్నప్పటి నుంచీ ఎవరికైనా ఏదైనా ఇచ్చి, బాగుందని వాళ్ళు అనేదాకా అన్నం తినడు. వాడు ఇచ్చిందాని వల్ల ఇలా అయిందని తెలిస్తే మళ్ళీ ఏదీ చెక్కడు."

వండుకోలేదేమని ఆయన అడిగితే, "పురుగు పట్టినవి వచ్చాయి" అని ఆవిడే చెప్పారు. కత్తి మట్టి గీకడానికే కదా అని అమ్మ అడిగిన నీ ఉత్తరం ఆ మర్నాడే అందింది. చదవలేక మడిచి పెట్టాను.

అమ్మకి చెప్పకు. దయచేసి కాల్చు.

నీ ఆడపడుచు


పెరట్లోంచి, పొయ్యి ఆర్పేశాక

నా తల్లీ,

చెప్పాను. తిట్టుకుంటే తిట్టుకో. నీ ఉత్తరం చదువుతుంటే నా మొహం చూసి అత్తయ్యే పట్టేసింది.

చేతిలో ఉన్న పుట్టగొడుగుని అలా తిప్పుతూ కూర్చుంది. తరవాత, "అడుగు ఏదీ అని అడిగిందా ఆవిడ?" అంది. అడిగారన్నాను. "రాదు అని కూడా చెప్పిందా?" చెప్పారన్నాను. "అయితే నా పిల్లకి మనిషి దొరికింది" అంది. లేచి లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. పొగ అంది. పొయ్యి అప్పటికే ఆరిపోయింది.

నిన్ను ఒక్క మాట అనలేదు. తనూ ఒకసారి తొందరపడిందట, వాళ్ళమ్మ చెయ్యి మీద కొట్టి ఆపిందట. ఎప్పుడో ఒకసారి అందరికీ అవుతుందట, అందుకే రెండోచూపు పెట్టుకున్నారట.

వెళ్ళు. ఆకులు ఇంకా మొత్తం రాలలేదు.

మీ వదిన


మా వంటింట్లోంచి,
మంచు పడుతున్న పొద్దున్న

వదినకి,

వండాను!

అత్తగారూ నేనూ కలిసే తోపుకి వెళ్ళాం. పసుపువి మాత్రమే. నేను పాదంతో సహా తీస్తుంటే ఆవిడ వెనకే వస్తూ, "ఇది చిన్నది, ఉండనీ. ఇది నలిగింది, వద్దు" అంటున్నారు. గుండీలు కొనేటప్పుడు కొట్టువాణ్ణి ఏడిపించినట్టే తోపుని ఏడిపించారు. ఇంటికొచ్చి మిషన్ దులిపే కుంచె కొత్తది విప్పారు. నీళ్ళు తగలకుండా ఒక్కొక్కదాన్నీ దులిపి, గోటితో కుచ్చులు లాగి చూసి, "ఇది సరే. ఇది సరే" అంటూ నా పళ్ళెంలో వేశారు. కొత్త కత్తితో నేను కాడల మట్టి గీకాను. దాని పని అదే. బుట్ట కూడా కొత్తదే.

తరవాత ఆవిడ పొయ్యి దగ్గర నుంచి పక్కకి జరిగారు. "కానియ్" అన్నారు. అంతే వదినా, ఒక్క మాట. ఏడాదిగా ఎదురుచూసిన మాట అంత చిన్నది.

చేత్తో చీల్చాను. ఒట్టి పెనం బాగా కాగాక వేశాను. నూనె పొయ్యలేదేమని ఆవిడ కంగారుపడ్డారు. "ఆగండత్తయ్యా, ముందు నీళ్ళు వదలాలి" అన్నాను. వదిలాయి. ఆ నీళ్ళు అవే తాగాయి. చిటపట తగ్గి, అంచులు ఎర్రబడ్డాక వెన్న, సన్నటి ఉల్లిపాయ, మిరియాలు. ఉప్పు దింపే ముందు. అమ్మ చేసినట్టే. ఇల్లంతా ఆ వాసన నిండింది. ఆయన పెందలాడే వచ్చారు. వీధి మలుపు దగ్గరే తెలిసిందట.

రొట్టెతో పెట్టాను. మనింటి పద్ధతి ప్రకారం ఏరినదాన్ని కాబట్టి మొదటి ముద్ద నేను తీసుకోబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "చూసినదాన్ని నేను. నాకూ వంతు ఉంది" అన్నారు. ఇద్దరం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాం. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలారు.

"ఉప్పు ఒక్క రవ్వ తగ్గింది" అన్నారు. అని గిన్నె తన వైపుకి జరుపుకున్నారు. ఆయన "అమ్మా, నాకు?" అంటే, "నువ్వు ఏరావా, చూశావా? ఉండు" అన్నారు. నేను పెట్టాను. నా వైపు చూడకుండా, గిన్నె వైపు చూస్తూ, "బాగుంది" అన్నారాయన. "కత్తి కూడా చాలా బాగుందండీ" అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. ఆయనవి.

ఇప్పుడు అసలు విషయం. మేం ముగ్గురం ఆదివారం అక్కడికి వస్తున్నాం. అత్తగారికి అమ్మ దగ్గర తెల్లవాటి అడుగు చూడటం నేర్చుకోవాలని పట్టుదల. అమ్మకి ఇవ్వడానికి జాకెట్టు ఒకటి కుట్టారు, కొలత తెలియకుండా నా ఒళ్ళు చూసి లెక్కేసి. ఆ జారని ముడి వేరే విధంగా కూడా వెయ్యొచ్చని అమ్మకి చూపిస్తారట. ఇద్దరూ వాదించుకుంటారు, చూస్తూ ఉండు. ఆయన ఆ కత్తి జేబులో పెట్టుకుని వస్తున్నారు, అమ్మకీ నీకూ అలాంటివే చెయ్యడానికి మీ చేతులు చూడాలట.

అందుకని ఈసారైనా నా మాట విను. అన్నయ్యకి ఒక్క రహస్యం కూడా దాచడం రాదు, తీపి మానేశానన్నా పంచదార డబ్బా ఎత్తకుండా ఉండడు, చదివితే ఈయన చెవిన వేస్తాడు. పాత ఉత్తరాలు నీ ఇష్టం. తెల్లవాటిని ఆ కత్తితో కోసిన సంగతి రాసిన ఉత్తరమూ, ఇదీ మాత్రం మేం గుమ్మం ఎక్కకముందే కాల్చెయ్యి. ఊరికే కాల్చకు వదినా, కాగితం వృథా. ఆదివారం అమ్మ పెరటి పొయ్యి రాజేసి పెనం పెట్టేటప్పుడు, మొదటి పుల్ల కింద పెట్టు.